పాల్ బరాస్: ఎన్నికలను ఫిరంగులకు అప్పగించిన కులీనుడు

ఫ్రెంచి విప్లవం అనగానే రోబెస్పియర్, డాంటన్, మరా గుర్తొస్తారు. ఆ వెంటనే నెపోలియన్ గుర్తొస్తాడు. కానీ 1794 జులైలో రోబెస్పియర్ తల తెగిన నాటికీ, 1799 నవంబరులో నెపోలియన్ గద్దెనెక్కిన నాటికీ మధ్య ఐదేళ్లకు పైగా గడిచాయి. ఆ కాలంలో ఫ్రాన్సు రాజకీయాల్లో చక్రం తిప్పినవాడు పాల్ బరాస్. పుట్టుకతో కులీనుడు, వృత్తి రీత్యా సైనికుడు, విప్లవంలో రాజకీయ నాయకుడు. 1795లో ఏర్పడిన ఐదుగురు సభ్యుల ప్రభుత్వం పేరు డైరెక్టరీ. అందులో మిగతావారు వచ్చారు, వెళ్లారు. మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు పదవిలో ఉన్నది బరాస్ ఒక్కడే.

అతని గురించి చరిత్ర పుస్తకాలు ఎక్కువగా చెప్పేది విందులు, వినోదాలు, స్త్రీలు, లంచాల గురించి. అవి పూర్తిగా కట్టుకథలేమీ కావు. అయితే ఆ కథల చాటున అంతకంటే పెద్ద నేరం మరుగున పడిపోయింది. ప్రజలు ఓటు వేసి పంపిన ప్రతినిధులను సైన్యం సాయంతో ఇంటికి పంపడం, కొందరిని సముద్రాలు దాటించడం, అదీ గణతంత్రాన్ని కాపాడే పేరుతో చేయడం అతని హయాంలోనే జరిగింది. నెపోలియన్ నడిచిన దారిని చదును చేసింది ఆ పనులే. బరాస్‌ను అంచనా వేయాలంటే అక్కడే వేయాలి.

1755 జూన్ 30న దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్సు ప్రాంతంలో, ఫాక్స్ ఆంఫూ అనే ఊళ్లో అతను పుట్టాడు. బరాస్ వంశం ప్రొవాన్సు కొండలంత పాతదని అక్కడి నానుడి. వంశం పాతదైతే సరిపోదు, వెర్సైల్ రాజసభలో అండ ఉండాలి. అది లేని కులీన కుటుంబాల పిల్లలకు దొరికే దారి సైన్యమే. పదహారో ఏట అతను లాంగ్‌డాక్ రెజిమెంటులో చేరాడు. 1776లో భారతదేశానికి ఓడ ఎక్కాడు. గండాలు దాటుకుంటూ సాగిన ప్రయాణం చివరికి అతన్ని పుదుచ్చేరికి చేర్చింది.

1778లో ఫ్రాన్సు అమెరికన్ల పక్షాన ఇంగ్లండుతో యుద్ధానికి దిగింది. దాని దెబ్బ ముందుగా తగిలింది ఇక్కడి ఫ్రెంచి స్థావరాలకే. గోదావరి పాయ మీదున్న యానాంతో సహా అవి ఒక్కొక్కటిగా ఇంగ్లీషు కంపెనీ చేతిలో పడ్డాయి. పుదుచ్చేరి మాత్రం పోరాడింది. బక్సర్ యుద్ధంలో గెలిచిన హెక్టర్ మన్రో కోటను చుట్టుముట్టాడు. గవర్నర్ బెల్‌కోంబ్ దాదాపు రెండు నెలలు నిలబడి, ఇక దారి లేక అక్టోబరు 18న కోటను అప్పగించాడు. బాగా పోరాడిన సైన్యమని కోటలోని దళాన్ని మర్యాదగా విడిచిపెట్టారు. అలా విడుదలై ఫ్రాన్సుకు తిరిగి వెళ్లినవారిలో ఇరవై మూడేళ్ల బరాస్ ఒకడు. ముట్టడిలో ఉన్న ఊరు లోపలి నుంచి ఎలా ఉంటుందో అతను కోరమాండల్ తీరాన చూశాడు. బయటి నుంచి ఎలా ఉంటుందో పదిహేనేళ్ల తర్వాత తన సొంత ప్రాంతంలోనే చూశాడు.

1782-83లో మరోసారి తూర్పు సముద్రాల వైపు వెళ్లి వచ్చాక అతను సైన్యం వదిలేశాడు. తర్వాతి ఆరేళ్లు పారిస్‌లో జల్సాగా గడిచిపోయాయి. వాటి గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు.

1789లో విప్లవం వచ్చాక వేలాది కులీనులు సరిహద్దులు దాటి పారిపోయారు. బరాస్ ఉండిపోయాడు. ఆదర్శం కోసమా, అవకాశం కోసమా అని అడిగితే రెండో మాటకే మొగ్గు చూపాలి. కానీ అవకాశవాది అన్న ఒక్క మాటతో అతన్ని తేల్చేయడం కుదరదు. 1792 సెప్టెంబరులో వార్ జిల్లా నుంచి విప్లవ ఫ్రాన్సు చట్టసభ అయిన జాతీయ కన్వెన్షన్‌కు ఎన్నికయ్యాడు. 1793 జనవరిలో రాజు పదహారో లూయీకి మరణశిక్ష వేయాలా వద్దా అన్న ఓటింగులో 387 మంది శిక్షకు అనుకూలంగా, 334 మంది వ్యతిరేకంగా నిలిచారు. బరాస్ ఆ 387 మందిలో ఉన్నాడు. తరతరాలుగా రాజుల సేవలో బతికిన వంశంవాడు రాజు తల తీయమని ఓటేశాక వెనక్కి వెళ్లే దారి ఉండదు. బూర్బన్ వంశం తిరిగొస్తే మొదట ఉరి తీసేది తననేనని అతనికి తెలుసు. ఆ తర్వాత అతను చేసిన ప్రతి పని వెనుకా ఈ భయం ఉంది. ఏ ఎండకు ఆ గొడుగు పట్టాడని పేరు తెచ్చుకున్న బరాస్, ఈ ఒక్క విషయంలో మాత్రం గొడుగు మార్చలేదు. రాజు తిరిగి రాకూడదన్న పట్టు చివరిదాకా విడవలేదు.

1793 ఆగస్టు చివర్లో టూలోన్ నగరంలోని రాచరికవాదులు మధ్యధరా సముద్రం మీది ఆ గొప్ప నౌకాశ్రయాన్ని ఇంగ్లీషు అడ్మిరల్ హుడ్‌కు అప్పగించారు. ఫ్రాన్సుకు ఇంతటి అవమానం మరొకటి లేదు. దక్షిణాదిని దారికి తేవడానికి కన్వెన్షన్ పంపిన ప్రతినిధుల్లో బరాస్, అతని మిత్రుడు ఫ్రెరోన్ ఉన్నారు. ముట్టడిలో ఫిరంగి దళాన్ని నడిపిన ఇరవై నాలుగేళ్ల కోర్సికా యువకుడు ఓడరేవును శాసించే కొండ కొనను పట్టుకుంటే శత్రు నౌకలు వాటంతటవే వెళ్లిపోతాయని చెప్పాడు. అలాగే జరిగింది. డిసెంబరు 19న గణతంత్ర సైన్యం నగరంలోకి ప్రవేశించింది. ఆ యువకుడు నెపోలియన్ బోనపార్ట్. బరాస్‌కు అతనితో పరిచయం అయింది ఆ రోజుల్లోనే.

తర్వాత జరిగింది ఘోరం. టూలోన్ పౌరులను గుంపులు గుంపులుగా నిలబెట్టి కాల్చారు. వందల మంది చనిపోయారు. వారిలో విచారణ జరిగినవారు తక్కువ. నగరం పేరు కూడా తీసేసి ‘పోర్ లా మోంతాన్’ అని కొత్త పేరు పెట్టారు. మార్సెయ్ నగరానికైతే బరాస్, ఫ్రెరోన్ పేరే లేకుండా చేశారు. ఇకమీదట దాన్ని ‘పేరు లేని ఊరు’ అని పిలవాలని ఆజ్ఞ ఇచ్చారు. పారిస్ ప్రభుత్వమే ఆ పిచ్చి ఉత్తర్వును కొద్ది వారాల్లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో బరాస్ తనను రోబెస్పియర్ నాటి భీతావహ పాలనను అంతం చేసినవాడిగా చెప్పుకున్నాడు. టూలోన్‌లో చనిపోయినవారి లెక్క పక్కన పెడితే తప్ప ఆ మాట నిలబడదు.

1794 తొలి నెలల్లో అతను పారిస్ చేరేసరికి దక్షిణాదిలో చేసిన దౌర్జన్యాలు, దోచుకున్న సొమ్ము గురించిన ఫిర్యాదులు అతనికంటే ముందే చేరాయి. రోబెస్పియర్‌కు అవినీతి అంటే గిట్టదు. బరాస్, ఫ్రెరోన్ అతన్ని మంచి చేసుకోవాలని సెయింట్ ఆనొరే వీధిలో అతను అద్దెకుండే ఇంటికి వెళ్లారు. ఆ సంఘటనను బరాస్ తన జ్ఞాపకాల్లో వర్ణించాడు. రోబెస్పియర్ నమస్కారానికి బదులివ్వలేదు. అద్దం వైపు తిరిగి ముఖం మీది పౌడరును చిన్న కత్తితో గీక్కుంటూ ఉన్నాడు. తర్వాత పళ్లు తోముకుని, నోట్లోని నీళ్లను ఆ వచ్చినవాళ్ల కాళ్ల దగ్గరే ఉమ్మాడు. వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. అతను ఒక్క మాట మాట్లాడలేదు. శత్రువు రాసిన వర్ణన కాబట్టి రంగులు ఎక్కువ పడి ఉండవచ్చు. అయినా ఆ మౌనానికి అర్థం ఏమిటో అప్పట్లో పారిస్‌లో ఎవరికైనా తెలుసు. మౌనం తర్వాత వచ్చేది అరెస్టు వారంటే.

అలా ప్రాణభయంతో ఉన్నవారంతా ఒక్కటయ్యారు. 1794 జులై 27న, విప్లవ క్యాలెండరులో తెర్మిదార్ 9న, కన్వెన్షన్ రోబెస్పియర్‌నూ అతని అనుచరులనూ నిర్బంధించమని తీర్మానించింది. సాయంత్రానికి పారిస్ నగరపాలక సంఘం వారిని విడిపించి తన భవనానికి తీసుకెళ్లింది. ఆ భవనం ముందున్న చౌకులో వారికి ఫిరంగులున్నాయి, జనం ఉన్నారు. కన్వెన్షన్‌కు ఉన్నవి మాటలే. ఆ గంటలో సభ్యులంతా సైన్యంలో పనిచేసిన మనిషి కోసం వెతికారు. బరాస్‌ను సాయుధ బలగాలకు అధిపతిని చేశారు.

అతను చేసిన పని సాదాసీదాగా కనిపిస్తుంది గానీ దాని వెనుక తెలివి ఉంది. వెంటనే దాడికి పరుగెత్తలేదు. రోబెస్పియర్‌ను, అతని వెంట ఉన్నవారిని చట్టబాహ్యులుగా ప్రకటించిన వార్తను పేట పేటకూ చేరవేయించాడు. చట్టబాహ్యుడంటే దొరికినవాణ్ని దొరికినచోటే విచారణ లేకుండా చంపవచ్చు. వారి పక్కన నిలబడినవారి మెడ మీదా కత్తి వేలాడుతుంది. ఆ కబురు పాకిన కొద్దీ నగరపాలక భవనం ముందున్న జనం ఒక్కొక్కరే జారుకున్నారు. తెల్లవారుజామున రెండింటి ప్రాంతంలో బరాస్ దళాలు దాదాపు ఖాళీగా ఉన్న చౌకులోకి అడుగుపెట్టాయి. లోపల దవడ పగిలిన రోబెస్పియర్ దొరికాడు. ఆ సాయంత్రమే 22 మంది తలలు గిలటిన్ కింద తెగాయి.

అదే ఉదయం బరాస్ టెంపుల్ కోటకు వెళ్లి, అక్కడ బందీగా ఉన్న పదహారో లూయీ కొడుకును చూశాడు. పిల్లవాడికి తొమ్మిదేళ్లు. మోకాళ్లు వాచి, మురికి గదిలో చిన్న పడక మీద ముడుచుకుని ఉన్నాడు. గది శుభ్రం చేయమని, వైద్యుణ్ని పిలవమని బరాస్ ఆదేశాలిచ్చాడు. ఆ పిల్లవాడు మరుసటి ఏడాది జూన్‌లో చనిపోయాడు. కొద్ది నెలల ముందు టూలోన్‌లో కాల్పులు జరిపించిన చేతులే ఈ ఆదేశాల మీద సంతకం పెట్టాయి. బరాస్‌ను పూర్తిగా రాక్షసుడిగానో, పూర్తిగా ఉదారుడిగానో చిత్రించేవారు ఈ రెండు సంఘటనల్లో ఏదో ఒకదాన్ని దాచిపెడుతుంటారు.

మరుసటి ఏడాది కొత్త రాజ్యాంగం వచ్చింది. దాని ప్రకారం రెండు చట్టసభలు ఉంటాయి: ఐదు వందల మంది సభ, రెండు వందల యాభై మంది పెద్దల సభ. కార్యనిర్వాహక అధికారం ఐదుగురు డైరెక్టర్లది. ఏటా సభల్లో మూడో వంతుకు ఎన్నికలు జరుగుతాయి, డైరెక్టర్లలో ఒకరు చీటీ ద్వారా తప్పుకుంటారు. మళ్లీ ఎవరూ రోబెస్పియర్ కాకూడదన్న భయంతో అధికారాన్ని ముక్కలు చేసి పంచారు. కానీ ఒక విషయం మరిచారు. సభలూ డైరెక్టర్లూ తగవు పడితే తీర్చేది ఎవరు? డైరెక్టర్లకు సభను రద్దు చేసే హక్కు లేదు, చట్టాన్ని ఆపే హక్కు లేదు. విశ్వాసం కోల్పోయారని డైరెక్టర్లను తొలగించే వీలు సభకూ లేదు. తగవు వస్తే చట్టబద్ధమైన దారే లేని రాజ్యాంగం అది. అలాంటి చోట బలగం ఉన్నవాడి మాటే చెల్లుతుంది.

ఇంకా అమల్లోకి రాకముందే దానికి మచ్చ పడింది. స్వేచ్ఛగా ఎన్నికలు జరిగితే రాచరికవాదులు గెలుస్తారని భయపడిన కన్వెన్షన్, కొత్త సభల్లోని 750 స్థానాల్లో 500 తన పాత సభ్యులకే దక్కాలని తీర్మానించుకుంది. పారిస్‌లోని సంపన్న పేటలు తిరగబడ్డాయి. వారిని అణచాల్సిన జనరల్ మెనూ వారితో బేరాలాడి చేతులెత్తేశాడు. 1795 అక్టోబరు 4 రాత్రి కన్వెన్షన్ మళ్లీ బరాస్‌ను పిలిచింది. బరాస్ బోనపార్ట్‌ను పిలిచాడు. అర్ధరాత్రి మ్యూరా అనే యువ అధికారి గుర్రపు దళంతో దూసుకెళ్లి సాబ్లోన్ మైదానంలోని 40 ఫిరంగులను తిరుగుబాటుదారులకంటే ముందు చేజిక్కించుకున్నాడు. మరునాటి సాయంత్రం సెయింట్ రోక్ చర్చి పరిసరాల్లో అవి పేలాయి. కొన్ని వందల మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. విప్లవం మొదలైనప్పటి నుంచి పారిస్ జనం ప్రభుత్వాలను మార్చగలిగారు. ఆ సాయంత్రంతో ఆ శక్తి సైన్యానికి బదిలీ అయింది.

డైరెక్టరు కావాలంటే నలభై ఏళ్లు నిండాలి. బరాస్‌కు అప్పటికి నలభై నిండి నాలుగు నెలలైంది. అతనితో పాటు రూబెల్, లారెవెల్యేర్, లెతుర్నేర్, కార్నో డైరెక్టర్లయ్యారు. వారు లగ్జంబర్గ్ భవనంలో అడుగుపెట్టిన రోజున అందులో సామాను లేదు. కాపలాదారు తెచ్చిచ్చిన కుంటి బల్ల, గడ్డి అల్లిన కుర్చీలు, కాసిన్ని తెల్ల కాగితాలు, చలి కాచుకోవడానికి కట్టెలు. ఫ్రాన్సు ప్రభుత్వం వాటితో మొదలైంది. ఖజానా పరిస్థితి అంతకంటే అధ్వానం. వంద లీవ్ర్‌ల (అప్పటి ఫ్రెంచి డబ్బు) కాగితపు నోటు విలువ ఒక్క లీవ్ర్ కూడా లేకుండా పోయింది. 1796 ఫిబ్రవరి 19న వాండోమ్ చౌకులో జనం చూస్తుండగా నోట్లు అచ్చేసే పరికరాలను ధ్వంసం చేశారు.

కొద్ది నెలల్లోనే ఆ భవనం రూపు మారిపోయింది. బరాస్ గదుల్లో పారిస్‌లోకెల్లా వైభవమైన విందులు నడిచేవి. తెరెజా తాలియాన్, జోసెఫిన్ ద బోఅర్నే వంటివారు అక్కడ వెలిగారు. గుత్తేదారులు, బ్యాంకర్లు, పదవులు వెతుక్కునేవారు క్యూ కట్టారు. జోసెఫిన్‌ను బోనపార్ట్‌కు కట్టబెట్టి, ఇటలీ సైన్యాధిపత్యాన్ని కట్నంగా ఇచ్చాడన్న కథ అప్పటి నుంచి ఇప్పటిదాకా తిరుగుతూనే ఉంది. 1796 మార్చి 2న నియామకం, 9న పెళ్లి జరిగాయి, పెళ్లికి బరాస్ సాక్షి కూడా. అయినా కట్నం కథ నమ్మదగినది కాదు. ఇటలీ దండయాత్ర ప్రణాళికను బోనపార్ట్ అంతకు ముందే సిద్ధం చేసి చూపించాడు. యుద్ధ వ్యవహారాలు చూసే కార్నో కూడా ఆ నియామకం తన ఘనతేనని చెప్పుకున్నాడు. సమర్థుడైన సేనానిని ఎంచుకోవడానికి పడకగది కారణాలు వెతకనక్కర్లేదు.

అసలు తప్పు ఆ నియామకంలో లేదు, దాని తర్వాత నడిచిన లెక్కలో ఉంది. డబ్బు లేని ప్రభుత్వం, గెలిచిన దేశాల నుంచి సేనానులు పిండి పంపే సొమ్ము మీద బతకడం మొదలుపెట్టింది. ఇటలీ నుంచి బోనపార్ట్ కోట్లలో బంగారం, వెండి, వాటితో పాటు పేరుమోసిన చిత్రాలు, శిల్పాలు పంపాడు. జీతాలు చెల్లించే సేనాని మాటే సైనికులు వింటారు గానీ పారిస్‌లో ఎర్ర అంగీ వేసుకున్న డైరెక్టరు మాట వినరు. తనకు లొంగి ఉండాల్సినవాళ్లకు ప్రభుత్వమే చేయి చాచింది. బరాస్ తెలివైనవాడు, ఇది అతనికి అర్థం కాలేదనుకోలేము. అర్థమయ్యే ఉపేక్షించాడు. ఆనాటి అవసరం గడిస్తే చాలునన్నది అతని రాజకీయమంతా.

1797 వసంతంలో మూడో వంతు స్థానాలకు ఎన్నికలు జరిగాయి. ఓటర్లు పాత కన్వెన్షన్ సభ్యులను ఊడ్చేశారు. పోటీకి దిగిన రెండు వందల మందికి పైగా పాతవారిలో తిరిగి గెలిచినవారు పదుల్లో కూడా లేరనవచ్చు, పన్నెండు పదమూడుకు మించలేదు. కొత్తగా వచ్చినవారిలో రాచరికం వైపు మొగ్గేవారు చాలామంది. అందరూ కుట్రదారులేమీ కారు. ఎక్కువమంది యుద్ధంతో, ధరలతో, మతం మీద వేధింపులతో విసిగిన ఓటర్లు పంపిన మితవాదులు. అయితే ఐదు వందల మంది సభకు అధ్యక్షుడైన జనరల్ పిషెగ్రూ మాత్రం నిజంగానే శత్రువులతో మంతనాలు జరిపాడు. ఆ రుజువు కాగితాలను బోనపార్ట్ ఇటలీ నుంచి పంపాడు.

ఐదుగురు డైరెక్టర్లు రెండుగా చీలారు. కార్నో, కొత్తగా వచ్చిన బార్తెలెమీ ఎన్నికల ఫలితాన్ని గౌరవించి సభలతో సర్దుకుపోవాలన్నారు. రూబెల్, లారెవెల్యేర్ ససేమిరా అన్నారు. మధ్యలో బరాస్. వేసవి అంతా అతను ఎటు మొగ్గుతాడో ఎవరికీ అంతుపట్టలేదు. ఇరు పక్షాలవారూ అతని గది తలుపు తట్టారు. చివరికి రాజును చంపమని వేసిన ఓటే అతన్ని నడిపింది. జనరల్ హోష్ సైన్యం రాజ్యాంగం గీసిన హద్దు దాటి పారిస్ సమీపానికి రావడంతో జులైలోనే గొడవ రేగింది. ఆ తర్వాత బోనపార్ట్ తన కింది సేనాని ఒజెరోను పంపాడు.

సెప్టెంబరు 4, ఫ్రుక్తిదార్ 18. తెల్లవారకముందే ఒజెరో దళాలు చట్టసభలు కూర్చునే త్వీలెరీ భవనాన్ని చుట్టుముట్టాయి. బార్తెలెమీని పడక మీది నుంచి లేపి నిర్బంధించారు. కార్నో లగ్జంబర్గ్ తోట గుండా తప్పించుకుని దేశం దాటాడు. మిగిలిన సభ్యులను పోగుచేసి వారి చేత చట్టం చేయించారు. 49 జిల్లాల ఎన్నికలు చెల్లవన్నారు. 177 మంది ప్రతినిధులు సభ్యత్వం కోల్పోయారు. పదుల సంఖ్యలో ప్రతినిధులకు, పత్రికలవారికి దేశ బహిష్కరణ శిక్ష వేశారు. దొరికినవారిని ఇనుప చువ్వల బండ్లలో ఓడరేవుకు తరలించి, అక్కడి నుంచి దక్షిణ అమెరికా తీరంలోని గయానాకు పంపారు. జ్వరాలతో మనుషుల్ని తినేసే ఆ నేలను జనం ‘నెత్తురు కారని గిలటిన్’ అన్నారు.

బరాస్ పక్షాన చెప్పదగ్గ మాట ఒకటుంది. ముప్పు నిజమే. పిషెగ్రూ ద్రోహం నిజమే. రాజు తిరిగొస్తే భూములు కొనుక్కున్న రైతులు, విప్లవంలో పనిచేసిన వేల మంది చిక్కుల్లో పడేవారు. కానీ ద్రోహులు కొద్దిమంది అయితే వారిని విచారించాలి. దాదాపు సగం దేశం వేసిన ఓటును రద్దు చేయడం ద్రోహానికి మందు కాదు. 49 జిల్లాల్లో ఓటు వేసినవారికి ఆ రోజు అందిన సందేశం ఒకటే: మీరు ఎన్నుకోవచ్చు, మాకు నచ్చితేనే. కంచే చేను మేసిందంటే ఇదే. వోటు మీద ఆధారపడిన ప్రభుత్వం ఒకసారి ఈ పని చేశాక తన కాళ్లు తానే నరుక్కున్నట్టు. ఆ తర్వాత దాని పక్షాన నిలబడాలని సామాన్యుడికి ఎందుకు అనిపిస్తుంది?

అది ఒక్కసారితో ఆగలేదు కూడా. మరుసటి ఏడాది ఎన్నికల్లో గాలి ఎదురు దిక్కుకు తిరిగి తీవ్ర విప్లవవాదులైన జాకోబిన్లు గెలిచారు. ఈసారి వారిది రాచరిక కుట్ర అనడానికి లేదు. అయినా 1798 మే 11న, ఫ్లోరేయాల్ 22న, 106 మంది ఎన్నికను రద్దు చేశారు. కుడి పక్కన గెలిచినా తప్పే, ఎడమ పక్కన గెలిచినా తప్పే అయింది. ఫ్రుక్తిదార్‌కు చెప్పిన సమర్థనలో ఎంత నిజం ఉన్నా, ఫ్లోరేయాల్ దాన్ని తుడిచిపెట్టేసింది. 1799 జూన్‌లో సభలు తిరగబడి డైరెక్టర్లు లారెవెల్యేర్‌నూ మెర్లాన్‌నూ గద్దె దింపాయి. ఆ గండం నుంచి కూడా బరాస్ బయటపడ్డాడు. ఎవరు ఓడిపోతున్నారో ఒక వారం ముందే పసిగట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

అప్పటికి యుద్ధం తిరగబడింది. ఇటలీ చేజారింది. బోనపార్ట్ ఈజిప్టులో చిక్కుకున్నాడు. కానీ సెప్టెంబరు చివర్లో మాసేనా జ్యూరిక్ దగ్గర రష్యన్లను చిత్తు చేశాడు, అక్టోబరులో బ్రూన్ హాలండ్‌లో ఇంగ్లీషు, రష్యన్ సేనలను నిలువరించాడు. అంటే 1799 అక్టోబరు 9న బోనపార్ట్ ఫ్రెజూస్ తీరంలో దిగేసరికే ఫ్రాన్సు గండం గట్టెక్కింది. ఫ్రెజూస్ ఉన్నది వార్ జిల్లాలో, బరాస్ సొంత జిల్లాలో. ఈ తేదీలు ముఖ్యం. నవంబరు 9న, బ్రుమేర్ 18న, బోనపార్ట్ బరాస్ కార్యదర్శి బొత్తోను సైనికుల ముందు నిలదీసి, నేను అంత వెలుగుతో అప్పగించిన ఫ్రాన్సును ఏం చేశారని గద్దించాడు. విజయాలు ఇచ్చి వెళ్తే ఓటములు చేశారన్నది ఆ ప్రసంగం సారం. ఆ ఓటములు నెల రోజుల కిందటే సరిదిద్దబడ్డాయి, అదీ ఆయన లేకుండానే. ఆ గద్దింపు మాత్రం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి కూర్చుంది.

ఆ కుట్రను నడిపినవాడు మరో డైరెక్టరు సియెస్. బరాస్‌ను నమ్మించి పక్కన కూర్చోబెట్టారు. తనను కలుపుకోకుండా ఏదీ జరగదని అతను ఆఖరి రోజుదాకా అనుకున్నాడు. ఆ ఉదయం అతని గదికి తలేరాన్, అడ్మిరల్ బ్రూయీ వచ్చారు. చేతిలో ముందే రాసి పెట్టిన రాజీనామా పత్రం ఉంది. తలేరాన్‌ను రెండేళ్ల కిందట విదేశాంగ మంత్రిని చేసింది బరాసే. కిటికీలోంచి చూస్తే వీధుల్లో సైన్యం. భవనం కాపలా దళం కూడా బోనపార్ట్ వైపు వెళ్లిపోయింది. సాధారణ పౌరుడిగా సంతోషంగా తిరిగి వెళుతున్నానని రాసి ఉన్న ఆ కాగితం మీద అతను సంతకం పెట్టాడు. గుర్రపు దళం వెంట రాగా పారిస్ దగ్గరి గ్రోబువా కోటకు వెళ్లిపోయాడు. తెర్మిదార్ రాత్రి, 1795 అక్టోబరు నాటి వాందెమ్యేర్ రాత్రి నిబ్బరంగా నిలబడ్డ మనిషి ఆ రోజు ఎందుకు లొంగిపోయాడని చాలామంది ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం అక్కర్లేదు. ఆ రెండు రాత్రులూ అతని వెనుక ఎన్నికైన సభ ఒకటి ఉంది. సభలకు విలువ లేకుండా చేసిన రెండేళ్లకు, పిలవడానికి అతనికి ఎవరూ మిగల్లేదు. మరునాడు, సభలను తరలించిన పారిస్ శివారు సెయింట్ క్లూలో గ్రెనేడియర్లు బాయొనెట్లతో ప్రతినిధులను హాలు నుంచి తరిమినప్పుడు పారిస్ వీధుల్లో ఒక్క అడ్డుగోడ కూడా లేవలేదు.

నెపోలియన్ పాలనలో అతన్ని పారిస్‌కు దూరంగా ఉంచారు. బ్రస్సెల్స్, ప్రొవాన్సు, రోమ్, మోంపెలియే అంటూ పోలీసు నిఘాలో తిరిగాడు. డైరెక్టరీ అంటే కుళ్లు, లంచాలు, విలాసాలు అన్న చిత్రాన్ని కొత్త ప్రభుత్వం పట్టుదలగా ప్రచారం చేసింది. పాతవాళ్లు ఎంత చెడ్డవాళ్లయితే బ్రుమేర్ అంత మంచి పని అవుతుంది కదా. ఆ ప్రచారానికి బరాస్ జీవనశైలి కావలసినంత ముడిసరుకు అందించింది. నిజానికి డైరెక్టరీ హయాంలోనే పన్నుల వ్యవస్థ గాడిన పడింది, మీటరు కొలత ప్రమాణం ఖరారైంది. నెపోలియన్ ఖాతాలో జమైన సంస్కరణల్లో కొన్నిటి పునాదులు అక్కడివే. అయితే ప్రచారకులు ఒక విషయం జోలికి మాత్రం పోలేదు, ఫ్రుక్తిదార్ జోలికి. ఆ రోజు ఒజెరోను పంపింది ఎవరో వారికి బాగా తెలుసు.

నెపోలియన్ ఓడిపోయాక 1815లో రాజు తిరిగొచ్చాడు. 1816 జనవరి చట్టం, రాజు మరణానికి ఓటేసి ఆ తర్వాత 1815లో నెపోలియన్ కొద్దికాలం తిరిగొచ్చి సాగించిన నూరు రోజుల పాలనలో కొలువు చేసినవారిని దేశం నుంచి వెళ్లగొట్టింది. సియెస్ బ్రస్సెల్స్ పోయాడు. ఆ నూరు రోజుల్లో హోం మంత్రిగా ఉన్న కార్నో మళ్లీ ప్రవాసం పట్టాడు. బరాస్ నెపోలియన్ దగ్గర ఏ పదవీ తీసుకోలేదు కాబట్టి చట్టం అతన్ని తాకలేదు. పారిస్ శివారు షయోలో అతను 1829 జనవరి 29న చనిపోయాడు. అతని కాగితాలు చేజిక్కించుకోవాలని ప్రభుత్వం ప్రయత్నించింది గానీ అసలువి అప్పటికే నమ్మకస్తుల దగ్గరికి చేరాయి. వాటి ఆధారంగా కూర్చిన జ్ఞాపకాలు 1895-96లో నాలుగు సంపుటాలుగా అచ్చయ్యాయి. నెపోలియన్ మీద, జోసెఫిన్ మీద విషం కక్కిన పుటలు అందులో బోలెడున్నాయి.

1797లో తోట గుండా పారిపోయిన కార్నో 1823లో జర్మనీలోని మాగ్దెబుర్గ్‌లో ప్రవాసిగా కన్నుమూశాడు. 1889లో, విప్లవానికి నూరేళ్లు నిండిన సందర్భంలో, అప్పటి ఫ్రెంచి ప్రభుత్వమైన మూడో గణతంత్రం అతని అస్థికలను తెప్పించి, జాతి మహనీయులను ఉంచే పాంథియాన్‌లో ఉంచింది. అప్పుడు దేశాధ్యక్షుడు అతని మనవడు సాదీ కార్నో.